స్కాన్‌తో ఓసీడీ తేలుస్తామన్న సెంటర్: 2 స్టార్లు

పేరు రాయడం లేదు, హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు డయాగ్నస్టిక్ సెంటర్. మెదడు ఎమ్మారై తీసి, ఏఐతో ఓసీడీ (అనుమానంతో చేసిందే మళ్లీ మళ్లీ చేయించే మానసిక జబ్బు) ఉందో లేదో చెప్తామంటే తమ్ముడిని తీసుకెళ్లాను. ప్యాకేజీ 14 వేలు. నిజానికి ఇదంతా మా నాన్న కోసం. వాడు గేటు తాళం పదిసార్లు లాగి చూడటం, చర్మం ఊడేలా చేతులు కడుక్కోవడం ఆయన లెక్కలో చాదస్తం, డాక్టరు చెప్పినా వినలేదు, ఫొటోలో కనపడితే నమ్ముతానన్నారు.

స్కాన్ బాగానే తీశారు. బల్ల మీద దుప్పటి మార్చమని తమ్ముడు రెండుసార్లు అడిగితే టెక్నీషియన్ అన్న విసుక్కోకుండా రెండుసార్లూ మార్చాడు. నాలుగో రోజు రిపోర్టు వచ్చింది: రంగురంగుల మెదడు బొమ్మ, కింద 'ఓసీడీ సంభావ్యత 71 శాతం'. నాన్న నమ్మేశారు. తమ్ముడికి మాత్రం మిగిలిన 29 శాతం పట్టుకుంది. ఉన్నట్టా లేనట్టా అని రాత్రి ఒంటిగంటకి లేచి లైటేసుకుని ఆ కాగితమే చదువుతాడు. అనుమానమే జబ్బయిన వాడి చేతిలో శాతాలు పెడితే ఇంకేమవుతుంది?

అప్పుడు కూర్చుని చదివాను (ముందే చదవాల్సింది, తెలుసు). ఎనిగ్మా అని చాలా దేశాల పరిశోధకుల బృందం ఉంది. 2020లో వాళ్లు 2,300 మందికి పైగా ఓసీడీ పేషెంట్ల ఎమ్మారైలు, జబ్బు లేనివాళ్లవి ఇంకో 2 వేలకు పైగా, మెషీన్ లెర్నింగ్‌కి (ఏఐలో ఒక రకం) ఇచ్చి, ఎవరికి జబ్బుందో చెప్పగలదా అని చూశారు. అది ముందు చూడని చోట తీసిన స్కాన్లు పెడితే స్కోరు 0.51 నుంచి 0.54. 0.5 అంటే బొమ్మా బొరుసే! మందులు వాడేవాళ్లనీ వాడనివాళ్లనీ విడదీయడం మాత్రం దానికి బాగానే వచ్చింది. మావాడు ఎనిమిది నెలలుగా ఓసీడీకి ఫ్లూయోక్సెటిన్ మాత్ర వేసుకుంటున్నాడు, సెంటర్ ఫారంలో మందుల సంగతి అడగనే లేదు. ఆ 71లో జబ్బెంత, మాత్రెంత అని ఫోన్ చేస్తే 'సిస్టమ్ జనరేటెడ్ సార్' అన్నారు.

సైకియాట్రిస్ట్ గంటసేపు మాట్లాడి జబ్బేమిటో చెప్పారు, వై-బాక్స్ అనే 10 ప్రశ్నల స్కేలుతో తీవ్రత చూశారు, 40కి 27. ఆ నంబరు వాడిని ఏ రాత్రీ నిద్ర లేపలేదు. ఎమ్మారై దండగని కాదు, గడ్డలాంటిదేమైనా ఉందేమోనని డాక్టరు రాస్తే తీయించాల్సిందే.

రిపోర్టు నా బీరువాలో పెట్టి తాళం వేశాను. ఒక స్టారు నాన్న మారినందుకు, రెండోది దుప్పటి మార్చిన అన్నకి.