గిబ్స్ .451 రైఫిల్: ఏళ్ల తరబడి వాడాక చెబుతున్న మాట

ముందు తీర్పు చెప్పేసి తర్వాత వివరాల్లోకి వెళ్తాను. మూతి నుంచి మందు కూరే పాతకాలపు రైఫిల్‌తో 1000 గజాల దూరంలో గురి కొట్టాలని గట్టిగా ఉంటే గిబ్స్ నమూనా .451 రైఫిల్ (గొట్టం లోపలి వెడల్పు 0.451 అంగుళం) కొనండి. వారాంతంలో ఓ గంట సరదాకైతే దీని జోలికి వెళ్లకండి. గుండ్లు మనమే పోసుకోవాలి, కాగితం మనమే చుట్టుకోవాలి, కాల్చి వచ్చాక ఎంత అలసిపోయినా ఆ రాత్రే గొట్టం కడగాలి. ఆ పనులు ఇష్టమైనవాళ్లకే ఇది.

నేనుండేది ఇంగ్లండ్‌లో. నా షూటింగ్ అంతా సర్రే కౌంటీలోని బిస్లీలో, ఎక్కువగా 1200 గజాల దాకా కాల్చుకోగలిగే స్టికిల్‌డౌన్ రేంజిలో. నా రైఫిల్ ఇటలీలో తయారైన నకలు. అసలువాటిని 19వ శతాబ్దంలో బ్రిస్టల్‌లో జార్జ్ గిబ్స్ సంస్థ చేసేది. గొట్టం లోపలి గాడుల ఆలోచన విలియం మెట్‌ఫర్డ్ అనే ఇంజనీరుది. ఆ కాలపు రైఫిళ్లు ఇప్పటికీ పోటీలకి వస్తాయి. వాటి ధర, వయసు తలుచుకుంటే నాకైతే వానలో బయటికి తీయబుద్ధి కాదు. నకలుకి ఆ బెంగ లేదు.

మన పల్లెల్లో నాటు తుపాకి చూసినవాళ్లకి పద్ధతి కొత్తేమీ కాదు. మూతిలోంచి మందు పోయడం, దాని మీద కూరడం, వెనక టోపీ (దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే చిన్న లోహపు మూత) పెట్టి పేల్చడం. తేడా అంతా గొట్టంలో ఉంది. నాటు తుపాకి గొట్టం లోపల నున్నగా ఉంటుంది. దీని గాడులు 18 అంగుళాలకి ఒక చుట్టు చొప్పున మెలిక తిరిగి ఉంటాయి. అంత బిగువైన మెలిక వల్లే 530 గ్రెయిన్ల, అంటే 34 గ్రాముల, పొడుగాటి సీసపు గుండు గిరగిరా తిరుగుతూ ముక్కు ముందుకే ఉంచుకుని అంత దూరం పోతుంది. అంతకుముందు వచ్చిన విట్‌వర్త్ రైఫిల్ గొట్టం ఆరు పలకలుగా ఉండేది. 1860 జూలైలో వింబుల్డన్‌లో విక్టోరియా రాణి మొదటి గుండు పేల్చి రైఫిల్ పోటీలు ప్రారంభించింది విట్‌వర్త్‌తోనే. మెట్‌ఫర్డ్ ఆ పలకలు వద్దని లోతు తక్కువ గాడులు, కాస్త గట్టి సీసం, దాని చుట్టూ కాగితం చాలన్నాడు. లోతు తక్కువ కాబట్టి మసి తుడవడం తేలిక. వాడేవాడికి ఈ ఒక్క సంగతి ఎంత మేలో మాటల్లో చెప్పలేను.

గుండు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ రైఫిల్ బాగా కొడుతుందా లేదా అన్నది సగం ఇంట్లో టేబుల్ మీదే తేలిపోతుంది. సీసంలో కొద్దిగా తగరం కలిపి అచ్చులో పోస్తాను. చల్లారాక ప్రతి గుండునీ తూకం వేసి, తేలికవి మళ్లీ కరిగించేస్తాను. లోపల గాలి బుడగ ఉంటే బరువు తగ్గుతుంది. తర్వాత పల్చని, గట్టి కాగితాన్ని ఏటవాలు అంచులతో పట్టీలుగా కోసి, తడిపి, గుండుకి సరిగ్గా రెండు చుట్లు చుడతాను. మొదలూ చివరా ఒకదాన్నొకటి తాకాలి, ఒకదానిమీదొకటి ఎక్కకూడదు. మిగిలిన కొసని అడుగున మడిచి ఆరబెడితే కాగితం ముడుచుకుని గుండుకి బిగుసుకుపోతుంది. 1857లో మన సిపాయిల తిరుగుబాటుకి నిప్పురవ్వ అయిన ఎన్‌ఫీల్డ్ తూటాల్లోనూ గుండు చుట్టూ ఉన్నది కొవ్వు పూసిన కాగితమే. ఆ కథ చిన్నప్పుడు చదివిన నాకు మొదటిసారి కాగితం చుడుతున్నప్పుడు అదే గుర్తొచ్చింది.

చుట్టిన గుండు గొట్టంలోకి తన బరువుకి తోడు కొద్దిపాటి తోపుడుతో జారాలి. పేలినప్పుడు మందు ఒత్తిడికి గుండు అడుగు ఉబ్బి, కాగితంతో సహా గాడుల్ని పట్టుకుంటుంది. మూతి దాటగానే కాగితం ముక్కలై రాలిపోతుంది. కాల్పులు ఆగి ముందుకి వెళ్లడానికి అనుమతి ఇచ్చినప్పుడు నేను గడ్డిలో ఆ ముక్కలు ఏరి చూస్తాను. గాడుల వెంబడి శుభ్రంగా చీలిన సన్నని పేలికలు కనిపిస్తే అంతా సవ్యంగా ఉన్నట్టు. అంచులు కాలి, నల్లబడి ఉంటే మంట గుండుని దాటి పోతోందన్నమాట. అప్పుడు మందు మీద పెట్టే అట్టబిళ్ల మార్చాలి, లేదా చుట్టే కాగితం మందం చూసుకోవాలి. ఏ పరికరమూ చెప్పని సంగతి ఆ కాగితం ముక్క చెబుతుంది.

మందు నాకు 85 గ్రెయిన్లు, అంటే అయిదున్నర గ్రాములు, బాగా కుదిరింది. మీ గొట్టానికి మీరే వెతుక్కోవాలి. ఇది సూరేకారం, బొగ్గు, గంధకం కలిసిన పాత తుపాకి మందే. ఇప్పటి పొగలేని మందు ఇందులో చిటికెడు పోసినా ప్రమాదమే, ఆ ప్రయోగం ఎవరు చెప్పినా చేయకండి. మోతాదులు ముందే చిన్న సీసాల్లో తూచి తీసుకెళ్లాలి. డబ్బాలోంచి నేరుగా గొట్టంలోకి పోయడం ఎక్కడా ఒప్పుకోరు. పొడవాటి ఇత్తడి గొట్టం పెట్టి నెమ్మదిగా పోస్తే గింజలు సర్దుకుని కూర్చుంటాయి. ప్రతి గుండు తర్వాతా ఒక తడి గుడ్డ, ఒక పొడి గుడ్డ లోపలికి పంపి తుడుస్తాను. మిగిలిన నిప్పు ఆరిపోతుంది, మసి ప్రతిసారీ ఒకే స్థితిలో ఉంటుంది. ఈ వరసలో ఏ మార్పూ ఉండకూడదు. గుడ్డ తడి కాస్త ఎక్కువైనా తర్వాతి గుండు కిందో పైనో పడుతుంది.

గురి చూసే సైట్ల విషయంలో పొదుపు చూసుకోవద్దు. రైఫిల్‌తో వచ్చేవి దగ్గర దూరాలకి సరిపోతాయేమో గానీ, 1000 గజాలకి గొట్టాన్ని సుమారు రెండు డిగ్రీలు పైకెత్తాలి. అందుకు చేతిపట్టు మీద నిలబడే పొడవాటి వెనక సైట్, పక్కకి జరిపే మరతో ఉన్నది, విడిగా కొనుక్కోవాలి. ముందు సైట్‌లో నీటిబుడగ మట్టం కూడా తప్పనిసరి. రైఫిల్ పక్కకి ఒక్క డిగ్రీ ఒరిగినా అంత దూరంలో గుండు అడుగున్నర పైనే పక్కకి పోతుంది. కంటికి ఆ ఒరుగు తెలియదు, బుడగకి తెలుస్తుంది. బోర్లా పడుకుని, చేతికి స్లింగ్ పట్టీ బిగించి, టార్గెట్‌నీ బుడగనీ రెంటినీ చూస్తూ ట్రిగ్గర్ నొక్కడం అలవాటు కావడానికి నాకు చాలా కాలం పట్టింది. నొక్కాక కూడా కదలకూడదు. ఈ గుండు గొట్టంలోంచి బయటపడటం ఇప్పటి రైఫిళ్లతో పోలిస్తే నిదానం.

ఇక గాలి. ఇందులో అసలు ఆట అదే, నేను ప్రేమించేదీ అదే. గుండు 1000 గజాలు చేరడానికి మూడు సెకన్ల పైమాటే. పక్కనుంచి వీచే గాలి గంటకి ఒక్క మైలు పెరిగినా గుండు దాదాపు మూరెడు జరుగుతుంది. పైగా దారి మధ్యలో గుండు మన చూపు గీతకి సుమారు 40 అడుగుల ఎత్తుకి లేస్తుంది. కింద జెండాలు ఒకటి చెబుతుంటే పైన గాలి మరొకటి చేస్తుంది. స్టికిల్‌డౌన్‌లో చెట్ల వరస ఆగిన చోట గాలి ఒక్కసారిగా తోస్తుంది. నేను జెండాల కన్నా టెలిస్కోప్‌లో టార్గెట్ల ముందు అలలాడే ఎండమావిని ఎక్కువ నమ్ముతాను. అది ఒకవైపు నిలకడగా పారుతున్నప్పుడే కాలుస్తాను. పేల్చగానే పొగ కమ్మేస్తుంది కాబట్టి గుండు ఎక్కడ పడిందో మనకి కనపడదు. అవతల గోతిలో ఉన్నవాళ్లు టార్గెట్ దించి, రంధ్రంలో బిళ్ల గుచ్చి, మళ్లీ పైకెత్తుతారు. ఆ కొన్ని క్షణాల ఎదురుచూపు ఇన్నేళ్లైనా నాకు పాతబడలేదు.

పాత పద్ధతి కాబట్టి గురి తక్కువేమో అనుకునేవాళ్లకి 1874 సెప్టెంబరు 26 గుర్తుచేస్తాను. న్యూయార్క్ దగ్గర క్రీడ్‌మోర్‌లో ఐర్లండ్ జట్టు మూతి నుంచి కూరే రిగ్బీ రైఫిళ్లతో, అమెరికా జట్టు వెనక నుంచి నింపే రెమింగ్టన్, షార్ప్స్ రైఫిళ్లతో 800, 900, 1000 గజాల్లో తలపడ్డాయి. 934కి 931. అమెరికా గెలిచింది మూడు పాయింట్లతో. ఐరిష్ షూటర్ ఒకరు పొరపాటున పక్కవాళ్ల టార్గెట్ మీద నాలుగు పాయింట్ల బుల్ (టార్గెట్ నడిమి గుర్తు) కొట్టాడు, దానికి సున్నా వేశారు. అది తన టార్గెట్ మీద పడి ఉంటే గెలుపు ఐర్లండ్‌దే.

ఇన్నాళ్ల వాడకంలో గొట్టం అరిగిన ఆనవాలు లేదు, గురి మొదట్లో ఎలా ఉందో అలాగే ఉంది. అరిగేది టోపీ పెట్టే నిపుల్. మంట తగిలి తగిలి దాని రంధ్రం పెద్దదవుతుంది. గుండ్లు ఉన్నట్టుండి పైకీ కిందకీ చెదురుతుంటే ముందు దాన్ని మార్చి చూడండి, అప్పుడే మందునీ గుండునీ అనుమానించకండి. ఇంగ్లండ్ తేమలో మసి రాత్రికి రాత్రే తుప్పు పట్టిస్తుంది. వేడినీళ్లు, పొడి గుడ్డలు, పల్చగా నూనె, మర్నాడు ఇంకోసారి నూనె గుడ్డ. సీసం ముట్టుకున్న చేతులు కడుక్కోకుండా ఏమీ తినకండి. పిల్లలున్న ఇంట్లో సీసం కరిగించడం వద్దే వద్దు.

బ్రిటన్‌లో ఉన్న తెలుగువాళ్లు కొందరు లైసెన్సు కాగితాల గురించి అడుగుతుంటారు. నకలు రైఫిల్‌కి పోలీసులిచ్చే ఫైర్ఆర్మ్ సర్టిఫికెట్ కావాలి, దాని గడువు అయిదేళ్లు. మందు కొని ఇంట్లో ఉంచుకోవడానికి వేరే సర్టిఫికెట్. ఇంటికొచ్చి తుపాకి దాచే బీరువా చూస్తారు. క్లబ్బులో చేరి కొన్ని నెలలు నేర్చుకోకుండా ఇవేవీ కదలవు, కాబట్టి ముందు క్లబ్బు, తర్వాతే రైఫిల్. క్లబ్బులో ఎవరైనా తమ గిబ్స్‌తో కాల్చి చూడమంటే 1000 గజాల దగ్గర కాకుండా 300 గజాల దగ్గర మొదలుపెట్టండి. కొనాలని తేల్చుకుంటే డబ్బు కేటాయించే వరస నా లెక్కలో ఇది: రైఫిల్, వెంటనే మంచి వెనక సైట్, ఆ తర్వాత అచ్చు. అచ్చు కొనేముందు మాత్రం మీ గొట్టం లోపలి కొలత తీయించుకోండి. చుట్టిన కాగితం మందం కలిపి గుండు సరిపోవాలంటే అచ్చు ఆ కొలతకే ఉండాలి.