పదమూడేళ్లు సముద్రపు నీటిలో నానిన టైటానియం

విశాఖలో ఇనుము ఆయుష్షు ఎంతో స్కూటర్ ఉన్న ఎవరిని అడిగినా చెబుతారు. సముద్రం వైపు ఇల్లయితే కిటికీ ఊచలకు ఏటా రంగు వేయక తప్పదు. ఇలాంటి ఊళ్లో, సముద్రపు నీటితో యంత్రాలను చల్లబరిచే ఒక కర్మాగారంలో మరమ్మతుల బాధ్యత నాది. 2011లో మా ప్లేటు హీట్ ఎక్స్ఛేంజర్‌కు స్వచ్ఛ టైటానియం ప్లేట్లు బిగించాం. ఇందులో వరుసగా పేర్చిన పల్చటి ప్లేట్లకు ఒక వైపు సముద్రపు నీరు, రెండో వైపు మంచినీరు పారి, వేడి ప్లేటు గుండా చేతులు మారుతుంది. 2024 వరకు వాటిని విప్పి, కడిగి, మళ్లీ బిగించిన అనుభవంతో రాస్తున్నాను.

అంతకు ముందు ఉన్నవి 316 రకం స్టెయిన్‌లెస్ ప్లేట్లు. రెండేళ్లు తిరక్కుండానే మంచినీటి వైపు ఉప్పు కనబడింది. విప్పి ఒక్కో ప్లేటునూ దీపానికి అడ్డం పెట్టి చూస్తే, గాస్కెట్ (నీరు కారకుండా ప్లేటు అంచున పెట్టే రబ్బరు పట్టీ) గాడి వెంబడి సూదిమొనంత వెలుగు చుక్కలు. పై నుంచి చూస్తే ప్లేటు కొత్తదానిలా మెరుస్తూనే ఉంది. ఉప్పునీటిలోని క్లోరైడు స్టెయిన్‌లెస్‌ను అలా చాటుగా తొలుస్తుంది.

టైటానియం ప్లేట్లలో ఇన్నేళ్లలో అలాంటి చుక్క ఒక్కటీ చూడలేదు. గాలి గానీ నీరు గానీ తగిలిన క్షణంలోనే దాని మీద కొన్ని నానోమీటర్ల ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. గీత పడితే అక్కడే మళ్లీ కట్టుకుంటుంది. మాకు అసలు పరీక్ష 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ పెట్టింది. కరెంటు లేక పంపులు ఆగిపోయి, సముద్రపు నీరు ఎక్స్ఛేంజర్ లోపల రోజుల తరబడి కదలకుండా నిలిచిపోయింది. నిలువ నీరంటే స్టెయిన్‌లెస్‌కు మృత్యువే. విప్పేటప్పుడు కుళ్లిన చేపల వాసన, ప్లేట్ల నిండా నల్లటి బంక. గొట్టంతో నీళ్లు కొట్టి, నైలాన్ బ్రష్‌తో రుద్దాక కింద అదే బూడిదరంగు లోహం, అచ్చొత్తిన అవే గట్లు-గాళ్ల ముద్రలు. పట్టి ఉంచిన ఇనుప చట్రానికి మాత్రం పెచ్చులు లేచాయి.

ఇక తిట్టాల్సినవి. మొదటిది గుల్లలు. రాగి కలిసిన కప్రోనికెల్ గొట్టాల మీద సముద్రజీవులు అంత తేలిగ్గా అంటుకోవు, రాగి వాటికి విషం. టైటానియం ఎవరికీ హాని చేయదు, కాబట్టి గుల్లలు హాయిగా కాపురం పెడతాయి. లోహం చెడకపోయినా దారి మూసుకుపోయి వేడి దిగడం మానేస్తుంది. నీటిలో క్లోరిన్ మోతాదు సరిగ్గా పడకపోతే మాకు నెలల్లోనే తేడా తెలిసేది. కొనేముందు ఈ మాట మాకు ఎవరూ చెప్పలేదు.

రెండోది దాని ఇరుగుపొరుగు. టైటానియం తాను చెడదు గానీ, ఉప్పునీటిలో తనతో కలిపి బిగించిన ఇనుమును త్వరగా తినిపించేస్తుంది. మా దగ్గర ఎక్స్ఛేంజర్‌కు నీరు తెచ్చే పైపు ఇనుపది, లోపల రబ్బరు పూత. ఫ్లాంజి (పైపు చివర బోల్టులతో కలిపే అంచు) దగ్గర గోరంత చోట పూత లేచింది. ఒక పక్క వందల చదరపు అడుగుల టైటానియం, ఇంకో పక్క గోరంత ఇనుము. కొరుకుడంతా ఆ గోరంత మీదే పడి, రెండో వర్షాకాలానికి అక్కడ బొటనవేలు దూరే గుంట తేలింది. మొత్తం పైపు పూత లేకుండా ఉండి ఉంటే నష్టం ఇంత లోతుగా ఒక్కచోట పడేది కాదు. ఆ తరువాత ఫ్లాంజికీ బోల్టులకూ మధ్య కరెంటు పారకుండా ఇన్సులేషన్ కిట్లు పెట్టాం. పోనీ ఇనుమును కాపాడదామని కాథోడిక్ రక్షణ (తుప్పు ఆపడానికి లోహానికి సన్నటి కరెంటు పంపడం) అతిగా పెంచితే టైటానియం హైడ్రోజన్ పీల్చుకుని పెళుసవుతుంది. ఎటూ పోనివ్వదు.

ఏ గ్రేడు కొనాలన్నది చాలామంది అడుగుతారు. స్వచ్ఛ టైటానియంలో ఒకటి నుంచి నాలుగు వరకు గ్రేడులున్నాయి, వాటిలో ముఖ్యమైన తేడా ఆక్సిజన్. ఒకటో గ్రేడులో 0.18 శాతం దాటకూడదు, నాలుగో గ్రేడులో 0.40 వరకు ఉండొచ్చు. ఆక్సిజన్ పెరిగేకొద్దీ బలం పెరుగుతుంది, సాగే గుణం తగ్గుతుంది. కనీస తన్యబలం (లాగితే తెగకుండా ఆగే బలం) మొదటిదానికి 240 మెగాపాస్కల్స్, చివరిదానికి 550. ప్లేట్లకు లోతైన ముద్రలు వేయాలి కాబట్టి మెత్తని ఒకటో గ్రేడు, పైపులకు రెండో గ్రేడు వాడతారు. బలమైనదే మేలనుకుని నాలుగో గ్రేడుకు పరుగెత్తకండి. ఉప్పునీరు 70 డిగ్రీలు దాటే చోట గాస్కెట్ కింది ఇరుకులో స్వచ్ఛ రకాలకూ తుప్పు భయం ఉంది. అలాంటి పనికి కాస్త పల్లాడియం కలిపిన ఏడో గ్రేడు ఉంది.

టైటానియం వేడిని సరిగ్గా మోయదన్న ఫిర్యాదు నిజమే. రాగితో పోలిస్తే దాదాపు ఇరవయ్యో వంతు. కానీ మా ప్లేటు మందం అర మిల్లీమీటరు. అంత పల్చన చేసినా తుప్పు కోసం అదనపు మందం ఉంచాల్సిన పని లేదు. ఆ లెక్కలో లోటు చాలావరకు పూడిపోతుంది. అదే పల్చదనం మా కుర్రాళ్ల చేతిలో ఒకసారి బెడిసింది. కారుతోందని బోల్టులు మరీ బిగించేశారు. ప్లేట్ల కట్ట తయారీదారు చెప్పిన కొలత కన్నా కుదించుకుపోయి, ముద్రలు ఒకదానికొకటి ఆనే చోట్లు నొక్కుకుపోయాయి. కారుడుకు కారణం ముసలి గాస్కెట్లు.

వెల్డింగ్ గురించి మాట్లాడకుండా ఉండలేను. 2017లో టైటానియం పైపు ముక్క ఒకటి అతకాల్సి వచ్చి బయట వర్క్‌షాప్‌కు ఇచ్చాం. తిరిగొచ్చిన అతుకు నెమలి మెడలా నీలంగా నిగనిగలాడుతోంది. స్టోర్స్‌లో అందరూ బాగుందన్నారు. నాకు గుండె జారింది. అతుకు వెండిలా ఉంటే మంచిది, లేత గడ్డిరంగు ఒప్పుకోవచ్చు, నీలం వచ్చిందంటే గాలి తగిలినట్టే, బూడిద పొడి రాలితే ఇక చెత్తబుట్టే. వేడి మీద ఉన్న టైటానియం ఆక్సిజన్‌నూ నైట్రోజన్‌నూ లోపలికి లాక్కుని గాజులా పెళుసవుతుంది. అతుకు 400 డిగ్రీల కిందికి చల్లారేదాకా గాలి తగలకుండా ముందూ వెనకా ఆర్గాన్ వాయువు కప్పాలి. మళ్లీ చేయించినప్పుడు గాజువాక ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దొరికారు. తెల్లటి చేతి తొడుగులు వేసుకుని, అసిటోన్‌తో మూడుసార్లు తుడిచి, ఫ్యాను కూడా ఆపించి మొదలుపెట్టారు. "ఇది కొత్త అల్లుడు సార్, చెమట చెయ్యి తగిలినా అలుగుతుంది" అన్నారు. ఆ అతుకు ఇప్పటికీ వెండిలానే ఉంది.

శుభ్రం చేసే కాంట్రాక్టు మనుషులు ఒకసారి స్టెయిన్‌లెస్‌కు పూసే తెల్లటి పేస్టు డబ్బా పట్టుకొచ్చారు. అందులో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటుంది. డబ్బా మీది రాత చదివేసరికే ఒక ప్లేటు కళ తప్పింది. నైట్రిక్ ఆమ్లాన్ని లెక్కచేయని ఈ లోహం దాని ముందు మాత్రం తలవంచుతుంది. పొడి క్లోరిన్ గ్యాసూ అంతే. తడి క్లోరిన్‌కు చెక్కుచెదరని టైటానియం పొడి క్లోరిన్‌లో అంటుకుని మండగలదు. క్లోరిన్ సిలిండర్ల లైనుకు కూడా "తుప్పు పట్టదు కదా" అని టైటానియమే వేద్దామన్న సలహా వస్తే నేను ససేమిరా అన్నాను.

ధర చూసి ఖజానా విభాగం ఏటా ముఖం ముడుచుకుంటుంది. విచిత్రమేమిటంటే, భీమిలి ఇసుకలో కాలికంటే ఆ నల్ల రేణువుల్లో ఇల్మనైటు అనే టైటానియం ఖనిజం ఉంది, అంటే టైటానియం మన గడపలోనే ఉంది. దాన్ని ముందు క్లోరైడుగా మార్చి, గాలి చొరబడని పాత్రలో మెగ్నీషియంతో విడగొడితే గానీ లోహపు స్పాంజి చేతికి రాదు. ఖరీదంతా అక్కడే. మన దేశంలో ఆ స్పాంజిని కేరళలోని చవరలో తయారు చేస్తున్నారు.

రెండో ఎక్స్ఛేంజర్‌కు కొనుగోలు ఇండెంట్ పెట్టాను. మళ్లీ ఒకటో గ్రేడు ప్లేట్లే. ఇన్సులేషన్ కిట్లను ఈసారి విడిగా రాయకుండా ఎక్స్ఛేంజర్ ధరలోనే కలిపేశాను. విడిగా కనబడితే మొదటి కోత వాటికే పడుతుంది.