ఫెడోరా ఖాతా, దాని మెయిల్ ఎలియాస్: కొన్నేళ్లు వాడిన తరువాత

ఫెడోరా అనే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టులో అనువాదాలకూ, అప్పుడప్పుడు ప్యాకేజీల (ఇన్‌స్టాల్ చేసుకునేలా సిద్ధం చేసిన సాఫ్ట్‌వేర్) పనికీ కొన్నేళ్లుగా ఒకే ఫెడోరా ఖాతాను వాడుతున్నాను. దానితో దొరికే ఫెడోరాప్రాజెక్ట్.ఆర్గ్ ఎలియాస్‌ను (మారుపేరు మెయిల్ చిరునామాను) కొత్తవారు ఉచిత మెయిల్‌బాక్స్ అనుకుంటారు గానీ, వచ్చిన ఉత్తరాన్ని ఖాతాలో మనమిచ్చిన అసలు చిరునామాకు చేరవేయడం తప్ప అది మరే పనీ చేయదు. ప్రాజెక్టు కంట్రిబ్యూటర్ ఒప్పందాన్ని అంగీకరించి, దానితోపాటు కనీసం మరో గ్రూపులో చేరినవారికే అది లభిస్తుంది. యూజర్‌నేమ్‌తోనే ఏర్పడుతుంది కాబట్టి, సరదాగా పెట్టుకున్న పేరు కూడా రేపు అందరి కంటా పడే చిరునామా అవుతుంది.

నాకు ఎలియాస్ ఎక్కువగా ఉపయోగపడింది గిట్ కమిట్లలో, అంటే కోడ్ చరిత్రను దాచే గిట్‌లో నమోదు చేసే మార్పుల్లో. ప్రతి కమిట్‌లోనూ రచయిత చిరునామా శాశ్వతంగా నిలిచిపోతుంది. ఆఫీసు మెయిల్‌తో కమిట్లు చేసినవారు ఉద్యోగం మారాక పాత చిరునామాను కొత్తదానితో జతపరిచే మెయిల్‌మ్యాప్ ఫైలుతో సర్దుకోవలసి వస్తుంది. ఎలియాస్ వాడితే వెనుకనున్న చిరునామా ఎన్నిసార్లు మారినా పాత కమిట్లు అలాగే చెల్లుతాయి. వెబ్లేట్ అనే అనువాద వెబ్‌సైట్‌లో చేసిన అనువాదాలు కూడా చివరికి కమిట్లుగానే వెళ్తాయి కనుక, అక్కడి ప్రొఫైల్‌లో కమిట్ మెయిల్‌గా దేన్ని ఎంచుకున్నామో ఒకసారి చూసుకోవాలి.

పంపడం దగ్గరే చిక్కు. ఎలియాస్‌కు ఉత్తరాలు పంపే సొంత ఎస్ఎంటీపీ సర్వర్ లేదు. మామూలుగా జవాబిస్తే దాచాలనుకున్న సొంత చిరునామా బయటపడుతుంది, వేరే సర్వర్ నుంచి ఆ పేరుతో పంపితే స్పామ్‌లో పడే ప్రమాదముంది. ఫార్వర్డ్ అయ్యే ఉత్తరాలకూ ఈ బెడద ఉంది: మధ్యలోని సర్వర్ అసలు పంపినవారి ఎస్‌పీఎఫ్ జాబితాలో (వారి డొమైన్ తరఫున పంపడానికి అనుమతి ఉన్న సర్వర్ల జాబితాలో) ఉండదు గనుక, పంపిన డొమైన్‌ను ధ్రువీకరించే డీకిమ్ సంతకం లేని ఉత్తరాలు నా ఇన్‌బాక్స్‌కు చేరకుండా పోయిన సందర్భాలున్నాయి.

లాగిన్ సంగతి పూర్తిగా వేరు. 2021లో పాత వ్యవస్థ స్థానంలో ఫ్రీఐపీఏ అనే లాగిన్ నిర్వహణ సాఫ్ట్‌వేర్ ఆధారంగా నడిచే నాగిన్ అనే ఖాతాల వ్యవస్థ వచ్చాక కూడా, వికీ నుంచి అప్‌డేట్లను పరీక్షించి విడుదల చేసే బోధి వరకూ ఒకే యూజర్‌నేమ్, ఒకే పాస్‌వర్డ్ సరిపోతున్నాయి. పాస్‌వర్డ్‌తోపాటు ఒక్కసారికే పనికొచ్చే కోడ్ ఇచ్చే ఓటీపీ టోకెన్ ఒకసారి పెట్టుకున్నాక చివరి టోకెన్‌ను మనంతట మనం తొలగించలేం. కాబట్టి మొదటే రెండు పరికరాల్లో రెండు టోకెన్లు పెట్టుకోవడం క్షేమం. పాస్‌వర్డ్ మార్చుకునే లింకు వెళ్లేది అసలు చిరునామాకే. కాలేజీ ఇచ్చిన మెయిల్‌తో ఖాతా తెరిచే మన ఇంజనీరింగ్ విద్యార్థులు దీన్ని గమనించాలి. చదువు ముగిశాక ఆ మెయిల్‌బాక్స్ మూతపడితే ఖాతా తిరిగి చేతికి రావడం కష్టం.

ఈ ఏకత్వానికి మినహాయింపు, ఫెడోరా సాఫ్ట్‌వేర్‌లోని లోపాలను (బగ్‌లను) నమోదు చేసే రెడ్ హ్యాట్ బగ్‌జిల్లా. అక్కడ మెయిల్ చిరునామాయే లాగిన్ పేరు. అందుకే ఫెడోరా ఖాతాలో బగ్‌జిల్లా మెయిల్‌కు ప్రత్యేకంగా ఒక గడి పెట్టారు. ప్యాకేజీలు చూసుకునేవారికి ఆ రెండూ సరిపోలకపోతే బగ్‌ల మీద హక్కులు సరిగ్గా అందవు. చిరునామా మారినప్పుడల్లా రెండు చోట్లా మార్చే బాధ తప్పించుకోవడానికి నేను బగ్‌జిల్లాకు సొంత డొమైన్ చిరునామా ఇచ్చాను. ఎలియాస్‌ను కమిట్లకూ, తెలియనివారి ఉత్తరాలు అందుకోవడానికీ మాత్రమే ఉంచుకున్నాను.