ఇంటి లెక్కలకు దూరవిద్య: ఓపెన్ స్కూలా, స్వయమా, డిగ్రీయా?

గుంటూరు మిర్చి యార్డుకు సరుకు తెచ్చిన రైతుకు ఏటా ఎదురయ్యే లెక్క ఇది. క్వింటా 15,000 పలుకుతోందనుకుందాం. ఇవాళే అమ్మాలా, ఆరు నెలలు కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా? సాగుకు తెచ్చిన అప్పు నూటికి రెండు రూపాయల వడ్డీదైతే, అమ్మకుండా ఆపిన ప్రతి క్వింటా మీదా నెలకు 300, ఆరు నెలలకు 1,800 పెరుగుతుంది. స్టోరేజీ అద్దె, కూలి, తూకంలో తరుగు వేరే. అంటే ధర 16,800 దాటి, ఆ ఖర్చులు కూడా వస్తేనే ఆగినందుకు ఏమైనా మిగిలేది.

దీనికి పదో తరగతి గణితం చాలు. కానీ బడి మానేసి ఏళ్లు గడిచాక, పొలమో దుకాణమో వదిలి ట్యూషన్‌కు వెళ్లే వీలెవరికుంది? ఇంట్లో కూర్చుని నేర్చుకునే దారులు మూడున్నాయి. మూడూ ఒకే పనికి కాదు.

నేనైతే ముందు ఓపెన్ స్కూల్ పుస్తకం తీయమంటాను. 1989లో మొదలైన జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అదే ఎన్‌ఐఓఎస్, పదో తరగతి గణితంలో వాణిజ్య గణితానికి విడిగా ఒక భాగం ఇచ్చింది. శాతాలు, లాభనష్టాలు, వడ్డీలు ఒక పాఠం. వాయిదాల మీద కొనడం గురించి మరో పాఠం. ఆ రెండోది ప్రతి ఇంట్లోనూ చదవాల్సిన పాఠం.

ఎందుకంటే బెజవాడలో బండి కొనబోతే "నూటికి రూపాయే సార్ వడ్డీ" అని చెప్పి సంతకం పెట్టించుకుంటారు. లక్ష అప్పు, రెండేళ్ల గడువు, ఏడాదికి 12 శాతం ఫ్లాట్ వడ్డీ అనుకోండి. వడ్డీ 24,000, నెల వాయిదా సుమారు 5,167. అదే 12 శాతం, మిగిలిన బాకీ మీద మాత్రమే కడితే వాయిదా సుమారు 4,707, మొత్తం వడ్డీ 13,000 లోపే. నోటితో చెప్పిన అంకె రెండుచోట్లా పన్నెండే, జేబులోంచి పోయేది మాత్రం 11,000 ఎక్కువ. ఫ్లాట్‌లో మీరు ఎప్పుడో తీర్చేసిన అసలుకు కూడా చివరి నెల దాకా వడ్డీ వేస్తారు. తగ్గే బాకీ లెక్కన చూస్తే నిజమైన రేటు 21 శాతం పైమాటే. ఈ తేడా పట్టుకోగలిగిన మనిషి షోరూములో నోరు తెరిచి అడుగుతాడు.

ఎన్‌ఐఓఎస్ పుస్తకాలు వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి, చేరకపోయినా చదువుకోవచ్చు. తెలుగు మాధ్యమం ఉంది. చేరితే అయిదేళ్లలో తొమ్మిది అవకాశాలు, పాసైన సబ్జెక్టు మళ్లీ రాయక్కర్లేదు. మన రాష్ట్ర ఓపెన్ స్కూల్ సొసైటీ కూడా తెలుగులో పది, ఇంటర్ చదివిస్తుంది. ఇబ్బంది ఒక్కటే: పరీక్ష రాయాలంటే త్రికోణమితి, రేఖాగణితం కూడా మోయాలి.

కేంద్ర ప్రభుత్వం ఆన్‌లైన్ కోర్సుల కోసం నడిపే స్వయం పోర్టల్ 2017లో వచ్చింది. నేర్చుకోవడం ఉచితం, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు. అందులో ఎన్‌పీటీఈఎల్ కోర్సులు, అంటే ఐఐటీల వంటి సంస్థల మాస్టార్లు చెప్పే వీడియో పాఠాలు, నాలుగు, ఎనిమిది, పన్నెండు వారాల చొప్పున నడుస్తాయి. వారం వారం అసైన్‌మెంటుకు గడువు ఉంటుంది. ఆ గడువే చాలామందిని చదివిస్తుంది. మాస్టారు కళ్లముందు లెక్క చేసి చూపిస్తారు కాబట్టి పుస్తకం కంటే త్వరగా ఎక్కుతుంది. సంభావ్యత, సాంఖ్యక శాస్త్రం లోతుగా కావాలంటే ఇదే మేలు. వరసగా మూడేళ్లు స్టోరేజీలో పెట్టి లాభపడినవాడు నాలుగో ఏడు కూడా ధర పెరుగుతుందని నమ్మేస్తాడు. మూడేళ్ల అనుభవం మీద ఎంత బరువు వేయవచ్చో చెప్పేది ఈ శాస్త్రమే. అయితే పాఠాలు ఎక్కువగా ఇంగ్లిషులోనే ఉంటాయి. తెలుగు మీడియంలో చదివిన గృహిణికి మొదటి వారమే విసుగు పుట్టే ప్రమాదం ఉంది, అది ఆమె తెలివి తక్కువై కాదు.

ఇక డిగ్రీ. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అదే ఇగ్నో, ప్రాంతీయ కేంద్రం విజయవాడలోనే ఉంది. కానీ గణితం ప్రధానంగా డిగ్రీ చేస్తే చదివేది కలనగణితం, బీజగణితం లాంటివి. ఉద్యోగానికో ప్రమోషన్‌కో పట్టా కావాలంటే తప్పకుండా చేరండి. బంగారం తాకట్టు ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికి మూడేళ్లు అక్కర్లేదు.

పది సర్టిఫికెట్ లేనివారు ఓపెన్ స్కూల్లో చేరిపోవాలి, లెక్కతో పాటు చదువూ చేతికొస్తుంది. పది అయినవారు చేరకుండానే వాణిజ్య గణితం, సాంఖ్యక శాస్త్రం భాగాలు పూర్తిచేసి, ఇంగ్లిషు వినగలిగితే స్వయంకు వెళ్లాలి. చదివేటప్పుడు పుస్తకంలోని రాము, సీతల అప్పుతో ఆగకుండా మీ బంగారం లోను రసీదు, చీటీ పాసుబుక్కు, బండి వాయిదాల కాగితం పక్కన పెట్టుకుని, అదే పద్ధతిలో ఆ అంకెలు వేసి చూడండి.