లిబర్టీ టానా లాన్ చొక్కా: ఆరేళ్లు తొడిగాక

టానా లాన్ అంటే లండన్‌లోని లిబర్టీ దుకాణం అమ్మే పల్చటి నూలు బట్ట. దీని మీద మోజంతా అచ్చు వల్లే. ఇంగ్లీషు డిజైనర్ విలియం మోరిస్ 1883 నాటి డిజైన్ ‘స్ట్రాబెర్రీ థీఫ్’ ఇది: తోటలో పళ్లు కాజేసే పిట్టలు, వెనక ముదురు నీలం. ఆరేళ్లుగా వారానికో ఉతుకు పడుతున్నా పిట్ట ముక్కు దగ్గరి సన్నగీత చెదరలేదు. మామూలు ప్రింటు చొక్కాల్లో ముందు పోయేవి అలాంటి గీతలే. ఇక్కడ నూలు బాగా సన్నం, నేత దగ్గర దగ్గర. పోగుల మధ్య సందు లేకపోతే గీతకు అంచు నిలుస్తుంది.

చూడగానే ఇంగ్లీషు తోట అనిపించినా ఈ పూలతీగల చుట్టరికం సగం మన సముద్రతీరానిదే. ఈస్టిండియా కంపెనీ 1611లో బందరులో దిగింది. ఇక్కడి అద్దకం బట్టలు ఇంగ్లండ్‌లో ఎంతగా చెల్లాయంటే, అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్లు గగ్గోలు పెట్టి 1700లో దిగుమతినీ, 1721లో తొడగడాన్నీ చట్టంతో ఆపించారు. 1774 దాకా అదే కట్టడి. ఈలోగా అద్దకం పని అక్కడివాళ్ల చేతికి అలవాటైంది. 1875లో తెరిచిన లిబర్టీ దుకాణం తూర్పు దేశాల సరుకుతోనే మొదలైంది, ‘ఈస్టిండియా హౌస్’ అని పేరు కూడా పెట్టుకుంది. ఇప్పటి లండన్ డిజైనర్ ఎర్డెమ్ కూడా చాట్స్‌వర్త్ సౌధంలోని పాత చింట్జ్ (పూల అచ్చు నూలు బట్ట) పరదాల నుంచి 2024 వసంతానికి దుస్తులు చేశాడు. బీరువాలో పాతది తీసి కొత్తగా కత్తిరించడం వాళ్లకు బాగా తెలిసిన విద్య.

ఇక కాలర్ సంగతి. తప్పు బట్టది కాదు, కుట్టినవాళ్లది. కాలర్ నిలబడడానికి లోపల ఇస్త్రీ పెడితే అంటుకునే దళసరి బక్రం వేశారు. నాలుగో ఉతుక్కే కాలర్ మీద అప్పడంలా బొబ్బలు లేచాయి. బక్రాన్ని ముందు తడిపి ఆరేయకపోతే అది ఉతుకులో ముడుచుకుంటుంది. పైబట్ట అంతగా ముడుచుకోదు. మధ్యలో జిగురు వదిలేసి గాలి చేరుతుంది. పైగా ఇంత పల్చటి బట్టలోంచి ఆ జిగురు చుక్కలు మెరుస్తూ పైకి కనిపిస్తాయి. బాగుచేయాలంటే కాలర్‌ను పట్టీ దగ్గర విప్పి, ఆవిరి ఇస్త్రీ పది సెకన్లు ఆనించి, వేడి మీదే బక్రాన్ని మెల్లగా ఒలవాలి. చల్లారితే రాదు. దాని స్థానంలో రెండుసార్లు ఉతికిన తెల్ల మల్లు గుడ్డ రెండు మడతలు పెట్టి అంచుల వెంట కుట్టాలి. జిగురు మచ్చ పూర్తిగా పోదు కాబట్టి కాలర్‌ను తిరగేసి ఆ వైపు కిందికి పోయేట్టు వేయించాలి. అలా చేశాక నాలుగేళ్లుగా పేచీ లేదు.

కుట్టించేవాళ్లకు ఇంకో మాట. బట్ట పన్నా (వెడల్పు) 136 సెంటీమీటర్లు. మామూలు ఒంటికి అర చేతుల చొక్కాకు రెండు మీటర్లు చాలు. పిట్టలకు తలా తోకా ఉంది కాబట్టి ముక్కలన్నీ ఒకే వైపుగా కోయాలి, అందుకు ఇంకో అర మీటరు పడుతుంది. సూది 9 లేదా 11 నంబరు వాడమనండి. 14తో కుడితే కన్నాలు కనిపిస్తాయి. జేబు ముక్కను చివర్లో, ముందుభాగం మీద పరిచి బొమ్మ కలిపి కోయించండి. ఈ చొక్కా మీద జేబు అంచు దగ్గర ఒక పిట్టకు తల లేదు. ఆరేళ్లుగా కన్ను అక్కడికే పోతోంది.

కొత్తలో ‘ఎండాకాలానికి ఇదే బట్ట’ అని అందరికీ చెప్పాను. ఆ మాట కొంచెం సవరించుకోవాలి. నేత దగ్గరైన చోట గాలి ఆడదు. మే నెలలో విజయవాడ బస్టాండులో ఇది వీపుకు అతుక్కుపోతుంది, పక్కన చేనేత చొక్కా వేసుకున్నవాళ్లు హాయిగా ఉంటారు. చేతులు మడిచినా అందం తగ్గుతుంది, ఎందుకంటే అచ్చు పైవైపే, లోపలివైపు వెలవెలబోతుంది. బందరు దగ్గరి పెడన కలంకారీ అద్దకంలో బట్టకు ముందు కరక్కాయ పట్టించి, పటిక అద్ది, రంగునీళ్లలో ఉడకబెడతారు కాబట్టి రంగు పోగులోకి దిగి, తిరగేసినా బొమ్మ తెలుస్తుంది. అయితే అక్కడ అచ్చు దిమ్మకు ఇంత సన్నగీత అందదు, తొలి ఉతుకుల్లో రంగూ దిగుతుంది.

మీటరు పాతిక పౌండ్లకు పైమాటే. లండన్‌లోనో ఎడిన్‌బరాలోనో ఉండేవాళ్లకు, ఇక్కడైతే ఏసీ గదిలో పనిచేసేవాళ్లకు గిట్టుబాటు కావచ్చు. ఎండలో తిరిగే ఉద్యోగమైతే ఆ డబ్బుకు పెడన బట్ట చాలా చొక్కాలకు వస్తుంది. నేను ఇంకోటి కొంటే మాత్రం విల్ట్‌షైర్ తీసుకుంటాను. 1933 నాటి డిజైన్, చిన్న ఆకులూ పళ్లూ. జేబు దగ్గర ఎవరి తలా తెగదు.