బైక్ మీద గుడ్లు తెచ్చుకునే డబ్బా, వాడి చూశాక

నల్లగొండ ప్రకాశం బజారులో కొన్న 30 గుడ్ల ప్లాస్టిక్ డబ్బా ఇది, మూతకు రెండు వైపులా క్లిప్పులు, పైన పిడి. అట్ట ట్రేను కవర్లో పెట్టి హ్యాండిల్‌కు తగిలించుకుని వచ్చేవాళ్లకు దీని విలువ వెంటనే తెలుస్తుంది, ఎందుకంటే స్పీడ్ బ్రేకర్ వచ్చిందంటే కవర్ ఊగి బండికి కొట్టుకుంటుంది, వానకు తడిస్తే అట్ట మెత్తబడిపోతుంది. ఇందులో గుడ్డుకో గుంట, ఒకదానికొకటి తగలవు. అయితే నాటుకోడి గుడ్లు చిన్నవి కదా, గుంటల్లో వదులుగా ఆడుతుంటాయి, పైన పాత బట్ట మడతపెట్టి వేసి మూత పెట్టాల్సిందే. సీటు చివర మాత్రం కట్టకండి, అక్కడ కుదుపు ఎక్కువ. మీ నడుముకు ఆనేలా కడితే దేవరకొండ రోడ్డు మీద కూడా టెన్షన్ ఉండదు. స్కూటీ అయితే కాళ్ల దగ్గరే పెట్టుకోవచ్చు. సకినాలకు ఇది పనికిరాదు, వాటికి స్టీలు డబ్బానే, సందు లేకుండా కాగితాలు కుక్కి. క్లిప్పులే నాసిరకం, పైనుంచి హుక్కుల తాడు బిగించక తప్పదు. కొనొచ్చు, కానీ కొట్లోనే రెండు మూడు సార్లు మూత తీసి, పెట్టి చూసుకోండి.