ప్రాబబిలిటీకి ఎన్‌పీటెల్ వీడియోలా, హన్మకొండ ట్యూషనా?

ఖర్చు: ఎన్‌పీటెల్ అంటే ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఆన్‌లైన్ కోర్సులు. పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ పరీక్ష రాస్తేనే ఫీజు. ట్యూషన్‌కు ఫీజు కట్టాలి, కాజీపేట నుంచి వచ్చేవాళ్లకు బస్సు ఖర్చు అదనం.

శ్రమ: ఎన్‌పీటెల్‌లో వారం వారం అసైన్‌మెంట్లు, వాటికి 25 శాతం మార్కులు, చివరి పరీక్షకు 75. వెంటపడి చదివించేవాళ్లు ఉండరు. చాలామంది మధ్యలో ఆపేసేది అందుకే. ట్యూషన్‌లో ఆ బాధ లేదు, డౌట్ వస్తే అప్పుడే అడగొచ్చు.

అర్థం కావడం: అసలు తేడా ఇక్కడే. ఉదాహరణకు ఈ లెక్క చూడండి: వెయ్యి మందిలో 10 మందికి జబ్బు ఉంది. టెస్టు వాళ్లలో 9 మందిని పట్టుకుంది, జబ్బు లేని 990 మందిలో 99 మందికి కూడా పాజిటివ్ చూపించింది. అంటే పాజిటివ్ వచ్చిన 108 మందిలో నిజంగా జబ్బున్నది 9 మందికే, పన్నెండు మందిలో ఒకరికి! ఇలాంటి లెక్కలకు వాడే బేయీస్ సూత్రం బట్టీ పట్టినవాళ్లు కూడా దీన్ని చూసి ఆశ్చర్యపోతారు. మోడల్ లెక్కల హడావుడిలో ట్యూషన్‌లో దీని మీద ఆగే టైమ్ ఉండదు. వీడియోనైతే ఆపి, వెనక్కి తిప్పి, కాగితం మీద వేసుకోవచ్చు.

బ్యాక్‌లాగ్ ఉండి పరీక్ష దగ్గరపడితే ట్యూషనే మేలు. గేట్ రాసేవాళ్లకు, డేటా సైన్స్ వైపు వెళ్లేవాళ్లకు వీడియోలే. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు మొదటి రెండు యూనిట్లు ట్యూషన్‌లో తెలుగులో విని, తర్వాత వీడియోలకు మారండి.